హిట్, కొట్టు, తగులు: అమీర్‌పేట–పంజాగుట్ట వ్యవహారంలో ఒక ఆంగ్లపదం చరిత్ర

వ్యాససంగ్రహం

'హిట్' అనే ఆంగ్లపదానికి తెలుగు నిఘంటువులలో సాధారణంగా కనిపించే అర్థం 'కొట్టు'. తెలుగు వ్యవహారంలో స్థిరపడిన 'హిట్'కు మాత్రం కొట్టడమనే అర్థం దాదాపుగా లేదు. సినిమా, సాఫ్ట్‌వేర్ శిక్షణ, రహదారి ప్రమాదాలు అనే మూడు వేర్వేరు వృత్తిరంగాల గుండా ఈ పదం తెలుగులోకి వచ్చింది. ప్రతి రంగంలోనూ వేరొక తెలుగు సహాయక్రియతో జతకట్టి వేరొక అర్థాన్ని పొందింది. ఈ మూడు రంగాలూ పక్కపక్కన కనిపించే అమీర్‌పేట–పంజాగుట్ట ప్రాంతాన్ని ఆధారంగా చేసుకుని ఆ చరిత్రను పరిశీలించడం, చివరి రంగంలో ఆ అర్థభేదం బాధితుల హక్కులను ఎలా తాకుతోందో చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఆదానపదాలు, అర్థవిపరిణామం, సహాయక్రియలు, వృత్తిపదజాలం, హిట్ అండ్ రన్, హైదరాబాదు తెలుగు.

1. ఉపోద్ఘాతం

"ఆ దర్శకుడు ఈసారి హిట్ కొట్టాడు" అన్న వాక్యం తెలుగువారెవరికీ వింతగా తోచదు. ఇందులో నామరూపంగా ఉన్న ఆంగ్లపదానికి దెబ్బ అని అర్థం. దాని పక్కనున్న తెలుగు క్రియకు దెబ్బ వేయడమని అర్థం. పదార్థాలను మాత్రమే చూస్తే "దెబ్బ కొట్టాడు" అని రావాలి. అయితే "దర్శకుడు నిర్మాతను దెబ్బ కొట్టాడు" అంటే నష్టపరచాడని, "దర్శకుడు హిట్ కొట్టాడు" అంటే లాభం తెచ్చాడని తెలుగువాడు అర్థం చేసుకుంటాడు. ఒకే అర్థం గల రెండు పదాలు పరస్పర విరుద్ధమైన ఫలితాలనిస్తున్నాయి. ఆదానపదం తన మూలార్థాన్ని ఎప్పుడో వదిలివేసిందనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం దొరకడం కష్టం.

ఇటువంటి పదాల చరిత్రకు నిఘంటువులు కొంతవరకే తోడ్పడతాయి. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువు కాలానికి 'హిట్' తెలుగుపదం కాదు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) ప్రధానంగా కావ్యభాషను ఆశ్రయించినది. ఆధునిక వ్యవహారానికి పీట వేసిన గ్విన్ నిఘంటువు (1991) వచ్చేనాటికి సినిమా హిట్లు తెలుగునేలపై పాతపడిపోయాయి గాని, కంప్యూటరు హిట్లు ఇంకా రాలేదు. పదాన్ని దాన్ని వాడే వృత్తిలోనే వెదకాలన్న భద్రిరాజు కృష్ణమూర్తి పద్ధతి ఇక్కడ ఎక్కువగా ఉపకరిస్తుంది. మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం (1962) వ్యవసాయాన్నీ, రెండవది (1971) చేనేతనూ తీసుకున్నాయి. నాగలి, మగ్గాల విషయంలో పాటించిన ఆ పద్ధతిని ఈ వ్యాసం స్టూడియోకు, కంప్యూటరు తరగతికి, పోలీసు ఠాణాకు అన్వయిస్తుంది.

స్థలాన్ని ఇంత చిన్నదిగా ఎంచుకోవడానికి కారణం ఉంది. అమీర్‌పేట, పంజాగుట్ట నేడు మెట్రోరైలులో పక్కపక్క స్టేషన్లు. మొదటిదానిలో 1950లలో పుట్టిన సినిమా స్టూడియో ఉంది, మైత్రీవనం చుట్టూ అల్లుకున్న సాఫ్ట్‌వేర్ శిక్షణసంస్థలున్నాయి. రెండవదానిలో నగరంలో అత్యంత రద్దీగల కూడళ్ళలో ఒకటి, దానికి చేరువలో నిమ్స్ ఆసుపత్రి ఉన్నాయి. ఆ ఆసుపత్రి నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అంటే విరిగిన ఎముకలను అతికే చోటుగా, మొదలైనదే. ఒకే పదం మూడు రూపాలలో వినిపించే తావు ఇంతకంటె దగ్గరగా మరొకటి ఉండదేమో.

2. ఆంగ్లంలో 'హిట్': ఎదురుపడడం నుండి కొట్టడం దాకా

తెలుగు సంగతికి వచ్చేముందు ఆంగ్లంలో ఈ పదం నడిచిన దారిని తెలుసుకోవాలి. 'హిట్' ఆంగ్లానికి కూడా సొంతపదం కాదు. ఇంగ్లండుపై దండెత్తి స్థిరపడిన స్కాండినేవియన్ల భాష నుండి, ప్రాచీన ఆంగ్లం చివరిదశలో వచ్చి చేరిన ఆదానపదం. దాని మూలమైన ప్రాచీన నార్స్ క్రియ 'హిట్టా'కు కలుసుకొను, ఎదురుపడు, కనుగొను అని అర్థాలు. కొట్టడం అందులో లేదు. నేటి స్వీడిష్ భాషలో 'హిట్టా' అంటే ఇప్పటికీ కనుగొనడమే.

అప్పటికి ఆంగ్లంలో కొట్టడానికి 'స్లేయన్' అనే క్రియ ఉండేది. జర్మన్‌లో కొట్టడమనే అర్థంగల 'ష్లాగెన్' దానికి జ్ఞాతిపదం. ఆంగ్లంలో అది క్రమంగా 'స్లే'గా మారి చంపడమనే అర్థానికి కుదించుకుపోయింది. ఖాళీ అయిన స్థానంలోకి 'స్ట్రైక్', 'హిట్' ప్రవేశించాయి. మొదటిది మొదట్లో రాయడం, నిమరడం, సాగిపోవడం అనే అర్థాలలో ఉండేది. రెండవది ఎదురుపడడం. లక్ష్యానికి ఎదురుపడిన బాణం దానికి తగులుతుంది. తగిలితే దెబ్బ పడుతుంది. ఈ క్రమంలోనే కలయిక దెబ్బగా మారింది. పాత అర్థం పూర్తిగా చావలేదు. ఒక ఆలోచన తట్టిందని చెప్పడానికి ఆంగ్లేయులు ఇప్పటికీ 'హిట్' వాడుతారు. తెలుగులో కూడా ఆలోచన 'తడుతుంది' గనుక ఈ సామ్యం మనకు సులభంగానే బోధపడుతుంది.

విజయమనే అర్థం 19వ శతాబ్ది ఆరంభంలో రంగస్థలం నుండి వచ్చింది. గురి తగలడం దాని మూలభావన. ప్రేక్షకుల మనసనే గురికి నాటకం తగిలింది, అంతే. కొట్టిన చేతికి గాని, తగిలిన నొప్పికి గాని అక్కడ స్థానం లేదు.

'స్ట్రైక్'కు సమ్మె అనే అర్థం రావడం మరింత విచిత్రమైన కథ. 1768లో లండన్ ఓడరేవులో నావికులు వేతనాల కోసం ఓడల తెరచాపలను దించివేశారు. తెరచాప దించడానికి నావికుల పరిభాషలో 'స్ట్రైక్' అనేవారు. పని ఆపివేయడానికి అదే పేరైంది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఈ పదం మరోసారి మన దారిలో ఎదురవుతుంది గనుక ఇక్కడ గుర్తు చేయవలసి వచ్చింది.

3. తెలుగు 'కొట్టు', దాని పొరుగు 'తగులు'

'కొట్టు' ద్రావిడ ధాతువు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు దీన్ని ఇతర ద్రావిడభాషల జ్ఞాతిపదాలతో కలిపి చూపింది. తమిళంలో 'కొట్టు' డప్పు మోగించడానికీ, తేలు కుట్టడానికీ వాడుకలో ఉంది. సామాన్యంగా కొట్టడానికి అక్కడ 'అడి' అంటారు. తెలుగులో 'కొట్టు' సామాన్యక్రియగా నిలబడి, తర్వాత విపరీతంగా విస్తరించింది. (దుకాణమనే అర్థంగల 'కొట్టు' వేరొక పదం. తెలంగాణలో దుకాణమే ఎక్కువగా వినిపిస్తుంది గనుక ఆ సందిగ్ధత ఇక్కడ తక్కువ.)

ఈ విస్తరణను రెండు దశలుగా చూడవచ్చు. మొదటిది చాలా పాతది. పోగొట్టు, పడగొట్టు, చెడగొట్టు, వెళ్ళగొట్టు, ఎగ్గొట్టు వంటి సమాసక్రియలలో 'కొట్టు' గసడదవాదేశంతో 'గొట్టు' అయి, ప్రేరణార్థకానికి దగ్గరైన పని చేస్తుంది. తాళంచెవి పోగొట్టుకున్నవాడు దేనినీ కొట్టలేదు. బడి ఎగ్గొట్టిన పిల్లవాడూ కొట్టలేదు. ఆంగ్లంతో గాని ఉర్దూతో గాని పరిచయం అక్కరలేకుండానే తెలుగు తన కొట్టుక్రియను వ్యాకరణపు పనిముట్టుగా మార్చుకోవడం ప్రారంభించిందని దీనినిబట్టి గ్రహించాలి. ఎండ కొట్టడం, వాసన కొట్టడం, కరెంటు కొట్టడం మొదలైన ప్రయోగాలలో కర్త చేతన కూడా కాదు. తీవ్రమైన ఎండకు మనిషి కూలిపోవడాన్ని తెలుగు 'వడదెబ్బ' అంటే ఆంగ్లం కూడా కొట్టుక్రియ నుండి పుట్టిన 'స్ట్రోక్' అన్నది. ఒకరిని చూసి మరొకరు అనుకరించారనడానికి ఆధారం లేదు. రెండుచోట్లా సూర్యుడు కొట్టేవాడే.

రెండవ దశ బహుభాషా సహజీవనం తెచ్చినది. చక్కర్ కొట్టు, గప్పాలు కొట్టు, కన్ను కొట్టు, కాపీ కొట్టు, సైటు కొట్టు, క్లాసు బంకు కొట్టు: ఇవి హైదరాబాదు కళాశాలల ఆవరణలో నిత్యం వినబడేవి. వీటిలో చాలావాటికి దక్కనీ ఉర్దూలో 'మార్‌నా'తో సమానమైన ప్రయోగాలున్నాయి. చక్కర్ మార్‌నా, ఆంఖ్ మార్‌నా వాటిలో కొన్ని. తమిళంలో 'అడి'తో, కన్నడంలో 'హొడె'తో ఇటువంటివే దొరుకుతాయి. ఫారసీలో 'జదన్' (కొట్టు) క్రియ మాట్లాడడానికీ గంట మోగించడానికీ కూడా వాడబడుతుంది: హర్ఫ్ జదన్, జంగ్ జదన్. ఎమెనో 1956లో ప్రతిపాదించిన 'భాషామండలం' భావనకు ఇది చక్కని ఉదాహరణ. ఎవరి నుండి ఎవరికి వెళ్ళిందో ఒక్కొక్క పదబంధానికీ విడిగా తేల్చవలసిందే. మొత్తాన్నీ ఉర్దూ ప్రభావమని కొట్టిపారేయడం (ఈ క్రియ కూడా అదే కుటుంబంలోనిది) తొందరపాటు అవుతుంది. 'పోగొట్టు' వంటి సమాసాలు అప్పటికే ఈ క్రియను మెత్తబరచి ఉండకపోతే ఉర్దూ అనువాదాలు ఇంత సులభంగా అతుక్కునేవి కావన్నది నా అభిప్రాయం.

ఇక 'తగులు'. ఈ క్రియను 'హిట్' చర్చలో సాధారణంగా ఎవరూ తీసుకురారు. అయితే ఆంగ్లపు 'హిట్'కు చారిత్రకంగా అతి సన్నిహితమైన తెలుగుక్రియ ఇదే. "దారిలో పాత మిత్రుడు తగిలాడు" అన్నప్పుడు కలయిక. "రాయి తగిలింది" అన్నప్పుడు దెబ్బ. "గురి తగిలింది" అన్నప్పుడు సాఫల్యం. నార్స్ 'హిట్టా' వేయి సంవత్సరాలలో నడిచిన అర్థపరిణామమంతా ఈ ఒక్క తెలుగుక్రియలో ఏకకాలంలో నిలిచి ఉంది. 'కొట్టు'లో కర్త ఉద్దేశం ముందుకు వస్తుంది. 'తగులు'లో స్పర్శ మాత్రమే ఉంటుంది, ఉద్దేశం ప్రశ్నార్థకంగా మిగులుతుంది. తుపాకి పేల్చినవాడు కొట్టాడు. గుండు తగిలిందా లేదా అన్నది వేరే విషయం. ఆంగ్లపు 'హిట్' ఈ రెండింటినీ కలిపి మోస్తుంది. తెలుగు విడదీస్తుంది. ఈ విభజన రోడ్డు ప్రమాదాల దగ్గరకు వచ్చేసరికి కేవలం భాషాశాస్త్రపు ఆసక్తిగా మిగలదు.

4. సారథి స్టూడియో నీడలో: హిట్టు, బోల్తా

చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ 1936లో స్థాపించిన సారథి ఫిలిమ్స్ గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో మాలపిల్ల (1938), రైతుబిడ్డ (1939) చిత్రాలను నిర్మించింది. అప్పటికి తెలుగు సినిమాకు కేంద్రం మదరాసు. హైదరాబాదులో తొలి స్టూడియోగా అమీర్‌పేటలో సారథి స్టూడియో 1956లో వెలసింది. పూర్తిగా హైదరాబాదులోనే చిత్రీకరించిన తొలి తెలుగు చిత్రం మా ఇంటి మహాలక్ష్మి (1959) అక్కడ తయారైనదే. సినిమావాళ్ళ పరిభాష ఈ నగరపు తెలుగుతో నేరుగా కలిసిన తొలి తావు ఇది.

విజయానికి ఆనాటి తెలుగులో సొంత మాటలు లేకపోలేదు. నాటకం 'రక్తి కట్టేది'. సన్నివేశం 'పండేది'. సినిమా 'ఆడేది'. ఈ మూడింటిలోనూ కర్త నాటకమో సన్నివేశమో సినిమాయో గాని మనిషి కాడు. విజయం కృతికి చెందినది. దాన్ని కొలవడానికి రోజులు, వారాలు లెక్కపెట్టేవారు: వందరోజులు, శతదినోత్సవం, రజతోత్సవం. 'హిట్' వచ్చి ఈ లెక్కను ఒక్క మాటలోకి కుదించింది. రోజుల లెక్క లేకుండానే తొలి ఆట ముగిసేసరికి తీర్పు చెప్పగలిగే వీలు ఈ పదం కల్పించింది.

తెలుగు ఈ పదాన్ని స్వీకరించిన తీరు గమనింపదగినది. మొదట అజంతం చేసి 'హిట్టు' అన్నది. దానికి ధ్వన్యనుకరణమైన 'ఫట్టు'ను జోడించి హిట్టా ఫట్టా అని ప్రశ్నించడం నేర్చుకుంది. ఆ తర్వాత సహాయక్రియలతో దాన్ని నాలుగు విధాలుగా చీల్చింది. "సినిమా హిట్టయింది" అన్నప్పుడు విజయం పాతపద్ధతిలోనే కృతికి చెందుతుంది. "ప్రేక్షకులు సినిమాను హిట్ చేశారు" అన్నప్పుడు ప్రేక్షకులకు. "దర్శకుడు ఆ కథానాయకుడికి హిట్ ఇచ్చాడు" అన్నప్పుడు అది చేతులు మారే సొత్తు. "కథానాయకుడు హిట్ కొట్టాడు" అన్నప్పుడు మాత్రమే వ్యక్తి సంపాదన. రక్తికట్టడం, పండడం, ఆడడం ఏవీ చేయలేని పని ఇది. నటుడి పేరు మీద సినిమా నడిచే కాలానికి, విజయాన్ని వ్యక్తికి కట్టబెట్టగల క్రియ ఒకటి కావలసి వచ్చింది. పాతమాటలు వెనుకబడడానికి ఆంగ్లవ్యామోహంకంటె ఈ అవసరం పెద్ద కారణమని నేననుకుంటాను.

ఇందులో 'కొట్టు' దెబ్బను సూచించడం లేదనడానికి మరొక రుజువు పరాజయపు మాటల్లో ఉంది. ఆడని సినిమా "బోల్తా కొట్టింది". ఆడిన సినిమా "రికార్డులు బద్దలు కొట్టింది". గెలుపుకూ ఓటమికీ ఒకే క్రియ. అర్థభారమంతా ముందున్న నామానిదే. క్రియ కేవలం సంఘటన పూర్తయిందనీ, బలంగా జరిగిందనీ చెబుతుంది. "సినిమా తన్నేసింది" అనే మరో మాటలో కూడా తన్నుడు అసలుది కాదు. దెబ్బ అసలుగా ఉన్న మాట ఒకటుంటే అది 'బ్లాక్‌బస్టర్'. రెండవ ప్రపంచయుద్ధంలో ఒక వీధిసముదాయాన్నే నేలమట్టం చేయగల విమానబాంబుకు పెట్టిన పేరు అది. పోస్టరు మీద ఆ మాట చదివేవారెవరికీ బాంబు గుర్తురాదు.

పరిశ్రమ కేంద్రం తర్వాత జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు తరలింది. అమీర్‌పేటలో సత్యం థియేటరున్న చోట 2023లో బహుళ తెరల సినిమాహాలు తెరుచుకుంది. ఈలోగా 'హిట్' తనను తాను చూసి నవ్వుకునే స్థితికి కూడా చేరింది: 2020లో శైలేష్ కొలను దర్శకత్వంలో వచ్చిన హిట్ చిత్రంలో ఆ పేరు ఒక పోలీసు దర్యాప్తు బృందపు పేరుకు సంక్షిప్తరూపం. దర్యాప్తుకూ విజయానికీ ఒకే పేరు పెట్టి శ్లేషించడం, ప్రేక్షకుడికి మొదట తోచే అర్థం విజయమేనన్న నమ్మకంతోనే సాధ్యం.

క్రికెట్ ఒక్కటే దెబ్బను కొంత కాపాడింది. హిట్టర్ నిజంగానే బంతిని బాదుతాడు. అయితే 'స్ట్రైక్ రేట్' అక్కడినుండి బయటపడి, 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికలలో పోటీచేసిన 21 శాసనసభ స్థానాలూ గెలిచిన జనసేనకు నూరుశాతం స్ట్రైక్ రేట్ అన్న రూపంలో రాజకీయ వార్తలకెక్కింది.

5. మైత్రీవనం: ఎంటర్ కొట్టడం, సర్వర్‌ను హిట్ చేయడం

ఈ రంగం గురించి క్లుప్తంగానే చెప్పవచ్చు. మైత్రీవనం పరిసరాల శిక్షణసంస్థల్లో జావా, డాట్‌నెట్, ఒరాకిల్ బోధించే తరగతులలో 'కొట్టు', 'హిట్' రెండూ వినిపిస్తాయి గాని ఒకదాని పని మరొకటి చేయదు. మీటల మీద చేతిపనికి 'కొట్టు': ఎంటర్ కొట్టు, స్పేస్ కొట్టు. ఇది టైపుయంత్రపు వారసత్వం. టైపు నేర్చుకునే రోజుల్లో మీటను నిజంగానే కొట్టాలి. అక్షరపు కడ్డీ లేచి రిబ్బనుపై మోదితేనే కాగితం మీద ముద్ర పడేది. నేటి మీటకు మెత్తని స్పర్శ చాలు. మాట మాత్రం యంత్రంకంటె ఎక్కువకాలం బతికింది.

కంటికి కనిపించని యంత్రాంతర్గత చర్యకు 'హిట్ చేయు': "బ్రౌజర్ సర్వర్‌ను హిట్ చేస్తుంది", "ఈ పేజీకి ఇన్ని హిట్లు వచ్చాయి". కోరిన సమాచారం తాత్కాలిక నిల్వలోనే దొరికితే దాన్ని కూడా హిట్ అంటారు. సినిమాలో "హిట్ చేశారు" అంటే విజయవంతం చేశారని. ఇక్కడ అదే క్రియాబంధానికి చేరుకుంది, సంప్రదించింది, కనుగొంది అని అర్థాలు. స్కాండినేవియా నావికులు ఇంగ్లండు తీరానికి తెచ్చిన 'హిట్టా' అర్థం సరిగ్గా ఇదే. మధ్యలో వెయ్యేళ్ళపాటు పట్టిన దెబ్బ మరక తొలగిపోయి పదం తన తొలి అర్థానికి అమీర్‌పేటలో చేరుకోవడం చరిత్ర చేసే చిన్న పరిహాసం. ఈ అర్థానికి తెలుగులో 'తగులు' సిద్ధంగా ఉన్నా దాన్నెవరూ పిలవలేదు. పరిభాష ఆంగ్లంలోనే నడిచే తరగతిలో ఆ అవసరం కలగలేదు.

6. రోడ్డు మీద: ఢీకొను, ఢీకొట్టు, హిట్ అండ్ రన్

పై రెండు రంగాలలో అర్థం మారినందువల్ల ఎవరికీ నష్టం లేదు. రోడ్డు మీద పరిస్థితి వేరు.

వాహనం మనిషిని తాకడానికి హైదరాబాదు వ్యవహారంలో మాటలకు కొదవ లేదు. డాష్ ఇచ్చిండు, టక్కర్ ఇచ్చిండు, గుద్దిండు, తగిలిచ్చిండు. పత్రికల భాషలో ఢీకొను, ఢీకొట్టు. వీటి మధ్య భేదం స్వల్పమైనది కాదు. "బస్సు, లారీ ఢీకొన్నాయి" అన్నప్పుడు 'కొను' ఉభయులకూ చెందుతుంది; తప్పెవరిదో వాక్యం చెప్పదు. "లారీ బైకును ఢీకొట్టింది" అన్నప్పుడు కర్త, కర్మ తేలిపోతాయి. "లారీ ఢీకొని యువకుడి మృతి" అనే శీర్షికలో ప్రధానాంశం మరణం, ఢీకొనడం దానికొక పరిస్థితి మాత్రమే. "బండి తగిలింది" అంటే అది దాదాపు దైవికం. ఠాణాలో ఫిర్యాదు రాయించే వ్యక్తి నోట ఏ క్రియ వచ్చిందో, రాసే చేయి దాన్ని ఏ క్రియగా మార్చిందో అన్నది కథనపు బరువును మార్చగలదు. మూడవ విభాగంలో చెప్పిన కొట్టు–తగులు భేదం ఇక్కడ బాధ్యతను నిర్ణయించే భేదమవుతుంది.

ఈ వరుసలోకి 'హిట్ అండ్ రన్' వచ్చి చేరింది. అది ఎంత బలంగా నాటుకున్నదో 2024 జనవరి మొదటి రోజుల్లో హైదరాబాదు చూసింది. కొత్త భారతీయ న్యాయసంహితలోని 106వ సెక్షన్ రెండవ ఉపవిభాగాన్ని వ్యతిరేకిస్తూ దేశవ్యాప్తంగా లారీ, ట్యాంకరు డ్రైవర్లు పని ఆపారు. జనవరి 2న నగరంలోని పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. ప్రధాన రహదారులపై రాకపోకలు స్తంభించాయి. 'హిట్' పేరుగల నిబంధనపై 'స్ట్రైక్': కొట్టడాన్ని సూచించే రెండు ఆంగ్లపదాలు ఒకే వార్తాశీర్షికలో ఎదురుపడ్డాయి. ఆ రాత్రే కేంద్ర హోంశాఖ కార్యదర్శి రవాణాసంఘ ప్రతినిధులతో మాట్లాడి, సంప్రదింపుల తర్వాతే ఆ నిబంధనను అమలుచేస్తామని హామీ ఇచ్చారు. 2024 జులై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపవిభాగాన్ని మాత్రం నిలిపి ఉంచారు.

అందరూ హిట్ అండ్ రన్ చట్టమని పిలిచిన ఆ ఉపవిభాగంలో ఆ మాటే లేదు. నిర్లక్ష్యంగా వాహనం నడిపి మరణానికి కారకుడై, వెంటనే పోలీసు అధికారికి గాని మేజిస్ట్రేటుకు గాని తెలియజేయకుండా తప్పించుకుంటే పదేళ్ళ వరకు జైలు, జరిమానా అని మాత్రమే ఉంది. పాత శిక్షాస్మృతి 304ఎ కింద గరిష్ఠశిక్ష రెండేళ్ళు. కొత్త నిబంధనలో నేరం బరువు పెరిగింది కొట్టినందుకు కాదు, చెప్పనందుకు. 'రన్' అంటే ఇక్కడ పరుగుకంటె మౌనమే ఎక్కువ. డ్రైవర్ల వాదన కూడా అక్కడే ఉంది: ఆగితే జనం కొడతారు, పోతే చట్టం కొడుతుంది. వారి మాటల్లో కొట్టడం మాత్రం అక్షరాలా కొట్టడమే.

'హిట్ అండ్ రన్' అన్న మాట నిజంగా ఉన్న చట్టం వేరు. అది మోటారు వాహనాల చట్టం. అక్కడ దాని నిర్వచనంలో పారిపోవడం ప్రసక్తే ప్రధానం కాదు. తగిన ప్రయత్నం చేసినా ప్రమాదానికి కారణమైన వాహనం ఏదో గుర్తించలేకపోతే అది హిట్ అండ్ రన్ ప్రమాదం. డ్రైవరు పారిపోయినా బండి నంబరు తెలిస్తే ఈ నిర్వచనం వర్తించదు. బాధితులు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి, అక్కడ వయసు, ఆదాయం వంటివాటినిబట్టి పరిహారం నిర్ణయిస్తారు. నంబరు తెలియకపోతే 161వ సెక్షన్ కింద నిర్ణీత మొత్తం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న పథకం ప్రకారం అది మరణానికి 2,00,000 రూపాయలు, తీవ్రగాయానికి 50,000 రూపాయలు. అంతకుముందు 25,000, 12,500 ఉండేవి.

అంటే ఒకే ఆంగ్లపదబంధానికి మన ముందు మూడు అర్థాలున్నాయి. వార్తల్లో అది కొట్టి పారిపోవడం. న్యాయసంహితపై చర్చలో అది తెలియజేయకుండా తప్పించుకోవడం. పరిహారచట్టంలో అది వాహనం గుర్తు తెలియకపోవడం. మొదటి అర్థం మాత్రమే తెలిసిన కుటుంబం, డ్రైవరు దొరకలేదు గనుక ఇక ఏమీ రాదని అనుకోవచ్చు. లేదా నంబరు తెలిసిన కేసులో నిర్ణీత పరిహారంతో సరిపెట్టుకోవాలని భావించవచ్చు. రెండూ నష్టమే.

ఈ చిక్కుకు విరుగుడు తెలుగు పత్రికల్లో చాలాకాలంగా ఉంది. ఆంగ్లపదబంధం వాడుకలో ఇంతగా పెరగకముందు నుండీ జిల్లా పేజీల వార్తాహరులు రాస్తున్న వాక్యం: "గుర్తు తెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి". శైలిపరంగా దాన్ని అరిగిపోయిన మాటగా భావించి పాత్రికేయ విద్యార్థులకు వద్దని చెప్పడం కద్దు. నిజానికి మోటారు వాహనాల చట్టపు నిర్వచనానికి ఇంతకంటె సరైన తెలుగు లేదు. కొట్టడం, పరుగెత్తడం అనే నాటకీయ దృశ్యాన్ని అది తీసుకోలేదు. చట్టం అడిగే ఒకే ప్రశ్నను, గుర్తు తెలిసిందా లేదా అన్నదానిని, నేరుగా ముందుపెట్టింది. అధికార అనువాదాల్లో కనబడే 'ఢీకొట్టి పారిపోవుట' అక్షరానువాదంగా సరైనదే కాని, ఆ పథకం విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. ఆ చట్టానికి సంబంధించినంతవరకు 'గుర్తు తెలియని వాహన ప్రమాదం' అనే మాటనే పరిభాషగా స్వీకరించడం మేలని ఈ వ్యాసకర్త ప్రతిపాదన. న్యాయసంహితలోని నేరానికి 'తెలియజేయక తప్పించుకొనుట' సరిపోతుంది.

ఇది పండితులు తీరికగా తేల్చుకునే విషయం కాదనడానికి కారణం ఉంది. డ్రైవర్ల సమ్మె ముగిసిన పదిరోజులకు, 2024 జనవరి 12న, రహదారి భద్రతపై సాగుతున్న ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ పరిహారపథకం బాధితులకు చేరడం లేదని గమనించి కొన్ని ఆదేశాలిచ్చింది. ప్రమాదం నమోదైన నెలరోజుల్లో వాహనం వివరాలు దొరకకపోతే, పరిహారం కోరే హక్కు ఉందని పోలీసులే బాధితుడికి గాని అతని వారసులకు గాని రాతపూర్వకంగా తెలియజేయాలన్నది వాటిలో ఒకటి. పంజాగుట్ట ఠాణా నుండైనా, మారుమూల మండలం నుండైనా ఆ కాగితం తెలుగు కుటుంబాలకు చేరేటప్పుడు దాని మీద ఏ మాట ఉండాలన్నది ఇంకా ఎవరి బల్ల మీదకూ రాని ప్రశ్న కాకూడదు. 'హిట్ అండ్ రన్' అని ఉంటే చదివేవారు డ్రైవరు పారిపోయిన సంగతి తమకు ముందే తెలుసనుకుని దాన్ని పక్కన పెట్టవచ్చు. 'గుర్తు తెలియని వాహనం' అని ఉంటే తర్వాతి వాక్యంలోని రెండు లక్షల దాకా చదువుతారు.